మట్టి పట్టుకుంటుంది.. మాయం చేయదు

నీళ్లు, నిధులు, నియామకాలు.. తెలంగాణ ఉద్యమం నడిచింది ఈ మూడు మాటల మీదనే. అందులోనూ మొదటి మాట నీళ్లు. నీళ్లనగానే మనకు టీఎంసీలు యాదికొస్తాయి. కృష్ణాలో మన వాటా ఎంత, గోదావరిలో ఎంత అని చాయ్ హోటల్ కాడ కూర్చున్న మనిషి కూడా లెక్క చెప్పగలిగే స్థితికి ఉద్యమం ఈ సమాజాన్ని తెచ్చింది. అయితే నీళ్ల ప్రశ్నకు ఇంకో సగం ఉన్నది. మనకు దక్కిన నీళ్లలో ఏమున్నది? బిందెలోకి వచ్చిన నీళ్లు తాగితే పిల్లల బతుకు నిలబడుతుందా, చెడుతుందా? టీఎంసీల లెక్క ఎంత రాజకీయమో ఈ లెక్క కూడా అంతే రాజకీయం. ఈ సంగతి పటాన్‌చెరు జనం అందరికంటే ముందే చెప్పారు. ఫ్యాక్టరీల విషంతో నక్కవాగు చచ్చిపోయిందన్న వాళ్ల గోస 1990లోనే సుప్రీంకోర్టు గడప తొక్కింది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటి వారు దశాబ్దాల పాటు ఆ గోసను మోసుకు తిరిగారు.

అదే ప్రశ్న నగరానికి దక్షిణాన, శంషాబాద్ దారి పొడవునా కూడా నిలబడి ఉన్నది. దానికి జవాబుగా ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తున్నది. సహజమైన బంకమట్టితో నీళ్లలోని విషలోహాలను తీసేయవచ్చునట! ఖర్చు తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది, రసాయనం కాదు. మాట నిజమే. కానీ సగం నిజం. మిగతా సగం ఏమిటో తెలుసుకోకుండా చప్పట్లు కొడితే రేపు ఆ మట్టినే మన కళ్లల్లో కొడతారు.

కాటేదాన్ నేల చెప్పిన సాక్ష్యం

ఆరాంఘర్ చౌరస్తా దాటి శంషాబాద్ దారి పట్టండి. ఎడమ చేతికి కాటేదాన్ పారిశ్రామికవాడ. కుడి చేతికి రాజేంద్రనగర్, ఆ వెనుక హిమాయత్‌సాగర్. ముందుకు పోతే గగన్‌పహాడ్ ఫ్యాక్టరీలు. ఇంకాస్త పోతే 2008 మార్చిలో తెరిచిన అంతర్జాతీయ విమానాశ్రయం. ఫ్యాక్టరీ మోరీ, తాగునీటి సాగరం, అద్దాల టెర్మినల్.. మూడూ ఒకే దారిలో ఉన్నాయి. టెర్మినల్ గురించి ప్రపంచమంతా చెప్పుకుంటుంది. మోరీ గురించి చెప్పేవాళ్లు తక్కువ.

తక్కువే కానీ లేకపోలేదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్జీఆర్ఐ శాస్త్రవేత్తలు నార్వే సంస్థ సహకారంతో కాటేదాన్ మట్టిని పరీక్షించారు. 2002, 2003 సంవత్సరాల్లో వానలకు ముందొకసారి, వానలు పడ్డాక మరొకసారి నమూనాలు తీశారు. ఆ పరిశోధన 2008లో అచ్చయింది. అప్పట్లో అక్కడ దాదాపు 300 పరిశ్రమలు. అద్దకం, వంటనూనె, బ్యాటరీలు, లోహపు పూత, రసాయనాలు. చాలావరకు మురుగును శుద్ధి చేయకుండానే ఖాళీ జాగల్లోకి, కాలువల్లోకి వదులుతున్నారని, ఘనవ్యర్థాలను రోడ్ల పక్కన ఇష్టం వచ్చినట్టు పోస్తున్నారని ఆ పరిశోధన రాసింది. సీసం, క్రోమియం, నికెల్, జింక్, ఆర్సెనిక్, కాడ్మియం చాలా ఎక్కువగా కనిపించాయని తేల్చింది. పారిశ్రామికవాడలోనే కాదు, దిగువన జనం ఉండే బస్తీల మట్టిలోనూ కొన్నిచోట్ల వీటిలో కొన్ని హద్దు మీరి ఉన్నాయి.

ఇక్కడొక నిజాయితీ మాట కూడా చెప్పుకోవాలి. మన గ్రానైట్ నేలల్లో ఆర్సెనిక్, క్రోమియం కొంత సహజంగానే ఎక్కువని అదే పరిశోధన చెప్పింది. అయితే రాతిలో పుట్టిన లోహం రాతిని పట్టుకొని ఉంటుంది. ఫ్యాక్టరీ పారబోసిన లోహం అంత గట్టిగా ఉండదు, నీళ్లతో కదులుతుంది. ఆర్సెనిక్, కాడ్మియం, సీసం.. ఈ మూడూ కదిలే గుణంతో ఉన్నాయి, భూగర్భ జలాల్లోకి చేరే అవకాశం ఉన్నదన్నది ఆ పరిశోధన చేసిన అసలు హెచ్చరిక. భూగర్భ జలమంటే బోరు. బోరంటే ట్యాంకర్. ట్యాంకరంటే నల్లా రాని కాలనీలో బిందె.

ఈ లోహాలది వేరే జాతి. మురుగులో క్రిమి ఉంటే మరగబెడితే చస్తుంది. సీసం చావదు. మరగబెడితే నీరు ఆవిరై సీసం ఇంకా చిక్కనవుతుంది. బ్లీచింగ్ పౌడర్ వేస్తే పోదు. రంగు ఉండదు, వాసన ఉండదు, రుచి తెలియదు. మన ఇండ్లకు వచ్చే ఫిల్టర్ కంపెనీ కుర్రాడు పెన్నులాంటి టీడీఎస్ మీటర్ ముంచి చూపిస్తాడే, అది నీళ్లలో కరిగిన మొత్తం ఉప్పులను అంచనా వేస్తుంది తప్ప సీసాన్ని పట్టదు. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. కాడ్మియం అయితే 0.003 దాటకూడదు. టీడీఎస్ మీటర్ వందల మిల్లీగ్రాముల లెక్క చెప్పే పరికరం. గోనె సంచులు తూచే కాంటా మీద నువ్వుగింజను తూచినట్టే అది.

సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంత వరకు పర్వాలేదు అనే సురక్షిత స్థాయి దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతున్నది. కాడ్మియం మూత్రపిండాలను, ఎముకలను తింటుంది. జపాన్‌లో జింజు నది ఒడ్డున గనుల కాడ్మియం కలిసిన నీళ్లతో వరి పండించుకొని తిన్న ఆడవాళ్లు ఎముకలు విరిగి ‘అబ్బా, అబ్బా’ అని మూలిగితే, ఆ మూలుగే ఆ రోగానికి పేరైంది. ఇటాయ్ ఇటాయ్. కాలుష్యమే కారణమని అక్కడి సర్కారు ఒప్పుకున్నది 1968లో. అప్పటికే ఒక తరం మంచం పట్టింది.

నల్లరేగడిలో ఉన్న మహత్తు

ఇప్పుడు మట్టి సంగతి. తాండూరు వైపు నల్లరేగడి చూడండి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు బారుతుంది. వానపడితే ఉబ్బి కాలికి పిడచలా అంటుకుంటుంది. దానికి కారణం ఆ మట్టిలో ఉండే మాంట్‌మోరిల్లోనైట్ జాతి ఖనిజం. బెంటోనైట్ అని బజారులో అమ్మే మట్టిలోనూ ప్రధానంగా ఉండేది అదే. శంషాబాద్ చుట్టుపక్కల ఎర్రచెలకల్లో కేయోలినైట్ ఎక్కువ. అది ఉబ్బదు, నెర్రెలు బారదు.

ఈ ఖనిజాలను సూక్ష్మంగా చూస్తే పుస్తకం పేజీల మాదిరి రేకులు రేకులుగా ఉంటాయి. రేకులో సిలికాన్ ఉండాల్సిన చోట అక్కడక్కడ అల్యూమినియం, అల్యూమినియం ఉండాల్సిన చోట మెగ్నీషియం కూర్చుంటాయి. దాంతో రేకు మీద రుణావేశం మిగిలిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి సోడియం, కాల్షియం వంటి ధనావేశ అయాన్లు రేకుల మధ్య వచ్చి చేరతాయి. అవి అక్కడ వదులుగానే ఉంటాయి. సీసం, కాడ్మియం, రాగి, జింక్, నికెల్ ఉన్న నీరు తగిలితే కాల్షియం లేచిపోయి ఆ కుర్చీలో సీసం కూర్చుంటుంది. దీన్నే అయాన్ మార్పిడి అంటారు. అంతేకాక రేకుల అంచుల్లో ఉండే ఆక్సిజన్‌తో లోహం నేరుగా బంధం కట్టుకుంటుంది. అది ఇంకా గట్టి పట్టు.

ఎంత పట్టగలదు? 100 గ్రాముల కేయోలినైట్‌లో ఇలాంటి కుర్చీలు 3 నుంచి 15 మిల్లీ ఈక్వివలెంట్లు. అదే మాంట్‌మోరిల్లోనైట్‌లో 80 నుంచి 150. అంటే పది రెట్లకు పైనే. కాగితం మీద లెక్క వేస్తే 100 గ్రాముల మంచి బంకమట్టి పది గ్రాముల సీసాన్ని పట్టాలి. లీటరుకు 0.1 మిల్లీగ్రాము సీసం, అంటే హద్దుకు పది రెట్లు ఉన్న నీళ్లనుకుంటే, ఆ పది గ్రాములు లక్ష లీటర్లలో ఉండే సీసం! ఈ లెక్క చూసే చాలామంది మురిసిపోతున్నారు.

మనకు ఈ సరుకు కొరత కూడా లేదు. ముల్తానీ మట్టి జాతికి చెందిన ఫుల్లర్స్ ఎర్త్ నిక్షేపాలు ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నాయి. వికారాబాద్, జహీరాబాద్ వైపు ఇనుము నిండిన లాటరైట్ ఎర్రరాయి గుట్టలుగా ఉన్నది. మూసీ పుట్టిన అనంతగిరి కొండల చుట్టుపక్కల నేలలోనే మూసీకి పట్టిన రోగానికి కొంత మందు ఉన్నదన్నమాట. నల్లగొండ ఫ్లోరైడ్ కోసం పటిక, సున్నంతో నీరు శుద్ధి చేసే పద్ధతిని 1970లలో నీరి సంస్థ రూపొందిస్తే దానికి ప్రపంచమంతటా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే నిలిచింది. మన రోగం పేరుతో ఒక పద్ధతి పుట్టింది. మన మట్టి పేరుతో ఇంకొకటి పుట్టవచ్చు. ఆశ పెట్టుకోవడంలో తప్పులేదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

కానీ కాగితం మీది నీళ్లు వేరు, కాటేదాన్ నీళ్లు వేరు. ప్రయోగశాలలో చాలాసార్లు స్వచ్ఛమైన నీళ్లలో కొంచెం సీసపు ఉప్పు కలిపి, మట్టి వేసి, ఇంత శాతం పోయిందని రాస్తారు. మన బోరు నీళ్లు కఠిన జలాలు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కఠినత్వం లీటరుకు 300 మిల్లీగ్రాములు ఉన్న నీళ్లనుకోండి. అందులో ఉన్న కాల్షియం, మెగ్నీషియం అయాన్ల ఆవేశం, పైన చెప్పిన 0.1 మిల్లీగ్రాము సీసంతో పోలిస్తే ఆరు వేల రెట్లు. ఒక కుర్చీ కోసం ఒక సీసం వస్తే ఆరు వేల కాల్షియాలు తోసుకొస్తాయి. మట్టికి సీసమంటే ఎక్కువ ఇష్టమే. అయినా ఆ రద్దీలో లక్ష లీటర్ల లెక్క నిలవదు.

రెండోది ఆమ్లం. లోహపు పూత వేసే షెడ్డు నుంచి వచ్చే కడుగునీరు చాలాసార్లు ఆమ్లంగా ఉంటుంది. ఆమ్లంలో హైడ్రోజన్ అయాన్లే కుర్చీలన్నీ ఆక్రమిస్తాయి. మట్టి పట్టుకోకపోగా పట్టుకున్న లోహాన్ని కూడా వదిలేస్తుంది. కాబట్టి మొదట సున్నం వేసి ఆమ్లం విరిచి, గడ్డకట్టిన లోహాన్ని అడుగుకు దించాలి. మిగిలిన కొద్దిపాటి లోహాన్ని పట్టడానికే మట్టి పనికొస్తుంది. మట్టి ఆఖరి మెట్టు, మొదటి మెట్టు కాదు.

మూడోది ఇంకా ముఖ్యం. క్రోమ్ పూతలో వాడే ఆరు సంయోజకత క్రోమియం నీళ్లలో రుణావేశంతో ఉంటుంది. ఆర్సెనిక్ కూడా రుణావేశంతోనో, ఏ ఆవేశం లేకుండానో ఉంటుంది. మట్టి రేకు కూడా రుణావేశమే. ఒకే ఆవేశం ఉన్నవి దూరం జరుగుతాయని తొమ్మిదో తరగతి పిల్లవాడికి తెలుసు. అందుకే ఉత్త బంకమట్టి ఈ రెంటినీ పెద్దగా పట్టదు. క్రోమియాన్ని మొదట ఫెర్రస్ సల్ఫేట్ వంటి వాటితో మూడు సంయోజకతకు దించాలి. ఆర్సెనిక్‌కు ఇనుము పూసిన మట్టో, లాటరైటో కావాలి. ‘సహజ మట్టితో అన్ని విషాలూ మాయం’ అని ఎవరైనా ప్యాకెట్ అమ్మితే, మరి క్రోమియం సంగతేమిటని అడగండి.

నాలుగోది, ఉబ్బే మట్టి ఫిల్టర్‌లో పోస్తే నీరు దిగదు. ఇసుకతో కలపాలి, లేదా గుళికలుగా చేయాలి. మరీ ఎక్కువ కాలిస్తే పట్టే గుణమే పోతుంది. చెరువు మట్టి తెచ్చి ఇంట్లో కుండలో వేసుకుంటే సరిపోతుందనుకుంటే ప్రమాదం. ఆ మట్టిలో క్రిములు ఉండవచ్చు, అసలు ఆ మట్టే ముందుగా లోహం తాగి ఉండవచ్చు.

వీటన్నిటికీ సాక్ష్యం మళ్లీ కాటేదానే. ప్రయోగశాలలో బంకమట్టి అన్నిటికంటే ఇష్టంగా పట్టుకునే లోహాల్లో సీసం ఒకటి. కాటేదాన్ నేలలో కదులుతున్న లోహాల్లోనూ సీసం ఉన్నది! అక్కడి నేల ఇన్నేండ్లూ ఎవరూ అడగకుండానే ఫిల్టర్ పనిచేసింది. తన శక్తికొద్దీ పట్టుకున్నది. ఇక తనవల్ల కాదని వానకాలం పరీక్షలో చెప్పింది. మట్టి మీద ఇంతకంటే పెద్ద ప్రయోగం ఏ విశ్వవిద్యాలయం చేయగలదు?

వాడేసిన మట్టి ఎటు పోతుంది?

ఇక అసలు ప్రశ్న. మట్టి లోహాన్ని పట్టుకుంటుంది. మాయం చేయదు. నీళ్లలోని విషం మట్టిలోకి మారుతుంది, అంతే. కిలో మట్టి నిండిన తర్వాత అది మట్టి కాదు, ప్రమాదకర వ్యర్థం. దాన్ని దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల నిల్వ కేంద్రం లాంటి చోటికి లెక్క ప్రకారం పంపాలి. లారీ కిరాయి మిగుల్చుకోవడానికి రాత్రిపూట గగన్‌పహాడ్ పక్క కుంటలో పారబోస్తే, ఆమ్లం తగిలిన రోజు ఆ లోహమంతా మళ్లీ నీళ్లలోకే. ఆర్ఓ ప్లాంట్ల కథ కూడా ఇదే. అది లోహాన్ని చాలావరకు ఆపుతుంది. కానీ ఆపిన లోహమంతా చిక్కబడిన వృథా నీళ్లలో మోరీలోకే పోతుంది.

ఈ ప్రశ్న ఊహించి అడుగుతున్నది కాదు. శంషాబాద్ మండలంలోనే ఒకసారి సుప్రీంకోర్టు దాకా పోయిన ప్రశ్న. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు రాకూడదన్న నిబంధన 1990లలో వచ్చింది. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 దాన్ని 84 గ్రామాలకు గట్టిపరిచింది. అదే కాలంలో పెద్దషాపూర్‌లో ఆముదం నుంచి రకరకాల ఉత్పత్తులు తీసే పరిశ్రమ పెట్టడానికి ఒక కంపెనీ వచ్చింది. ఆ పరిశ్రమ వదిలే వాటిలో ఏమున్నాయి? వాడేసిన నికెల్ ఉత్ప్రేరకం, నూనె రంగు తీయడానికి వాడేసిన బ్లీచింగ్ మట్టి. అవును, లోహమూ మట్టీ రెండూ! కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఇవ్వనన్నది. అప్పటి సర్కారు ఆ ఒక్క కంపెనీకి 1997లో పది కిలోమీటర్ల నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చింది. అప్పీలు అధికారి దగ్గర, హైకోర్టులో కంపెనీయే గెలిచింది. అన్ని జాగ్రత్తలూ తీసుకుంటామన్నదే దాని వాదన.

సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. హాని జరుగుతుందని జనం నిరూపించనక్కర లేదు, హాని జరగదని పరిశ్రమ పెట్టేవాడే నిరూపించాలి అని 1999 జనవరి 27న చెప్పింది. నిషేధం ఉన్న చోట ఒక్క పరిశ్రమకు మినహాయింపు ఇచ్చే అధికారం సర్కారుకు లేదని 2000 డిసెంబర్ 1న తేల్చింది. మంచినీళ్లు జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు గట్టిగా చెప్పింది. దేశంలో ఎక్కడ పర్యావరణ కేసు నడిచినా వకీళ్లు ఈ తీర్పు ఎత్తుతారు. అది పుట్టింది మన శంషాబాద్ నేల మీద. మన న్యాయశాస్త్ర విద్యార్థుల్లో ఎంతమందికి ఇది శంషాబాద్ కథ అని తెలుసు?

ఆ తర్వాత కాలం మారింది. జంట జలాశయాలు నగరానికి ఇక ప్రధాన తాగునీటి వనరు కావన్న కారణంతో 84 గ్రామాల ఆంక్షలను ఎత్తివేస్తూ 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చింది. జలాశయాలను కాపాడే ఏర్పాట్లు చేస్తామన్న షరతులు అందులో ఉన్నాయి. ఏర్పాట్లు అంటే శుద్ధి కేంద్రాలు, ఫిల్టర్లు, మళ్లింపు కాలువలు. అంటే పాత మాటే. పెద్దషాపూర్ కంపెనీ కోర్టులో చెప్పిన మాటే. ముందు రానివ్వండి, తర్వాత శుభ్రం చేద్దాం!

అందుకే మట్టి ఫిల్టర్ గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. తాగేవాడి చేతిలో ఉంటే అది రక్షణ. పారబోసేవాడి చేతిలో ఉంటే అది లైసెన్సు. ఒకే మట్టి, రెండు పనులు. ఎవరి చేతిలో పెడుతున్నామన్నదే రాజకీయం.

అడగాల్సినవి ఇవి

మొదటిది, కొలత. కాటేదాన్, గగన్‌పహాడ్, శంషాబాద్ బోర్లలో సీసం, కాడ్మియం, నికెల్, క్రోమియం, ఆర్సెనిక్ ఎంత ఉన్నదో వానలకు ముందు, తర్వాత పరీక్షించాలి. బోరు బోరుకూ ఫలితం తెలుగులో, ఉర్దూలో వార్డు ఆఫీసు గోడ మీద అతికించాలి. 2002, 2003 లెక్కతో ఇవాళ్టి బిందెను కొలవలేం. ట్యాంకర్ మీద ‘మంచినీళ్లు’ అని రాయడం కాదు, ఆ నీళ్లు ఏ బోరువో, ఆఖరి పరీక్ష ఎప్పుడు జరిగిందో రాయాలి.

రెండోది, పుట్టిన చోటే ఆపడం. పూత షెడ్లలో క్రోమియం నీళ్లను వేరే కాలువలో పట్టాలి. అన్నీ కలిపేసిన మురుగును ఏ మట్టీ బాగుచేయలేదు. చిన్న షెడ్డు యజమాని ఒక్కడే ప్లాంటు పెట్టుకోలేడన్నది నిజం. అలాంటి వాళ్లందరికీ కలిపి ఉమ్మడి శుద్ధి ఏర్పాటు చేయడం సర్కారు పని. ఆ ఏర్పాటులో సున్నం తర్వాతి మెట్టుగా మన రంగారెడ్డి మట్టిని పెట్టండి, స్వాగతిస్తాం. ఆ షెడ్లలో ఉత్త చేతులతో ఆమ్లంలో ముంచి తీసే కార్మికుడిని మాత్రం మరవకండి. నీళ్లలోకి రాకముందే ఆ విషం అతని చర్మానికి అంటుతున్నది. అతను బిహార్ నుంచి వచ్చినా, పాలమూరు నుంచి వచ్చినా విషానికి తేడా లేదు.

మూడోది, మట్టి పద్దు. శుద్ధికి ఎన్ని కిలోల మట్టి వచ్చింది, నిండిన తర్వాత ఎన్ని కిలోలు ఎక్కడికి పోయింది? పద్దు లేని ఫిల్టర్ ఫిల్టరే కాదు.

నాలుగోది, చెరువు పూడిక. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు మట్టి తోడి చెలకల్లో పోసుకున్నాం. ఊరి చెరువు మట్టి ఎవుసానికి బంగారం. కానీ ఫ్యాక్టరీ మోరీ కలిసిన చెరువు మట్టి అది కాదు. కాటేదాన్‌లోని నూర్ మహ్మద్ కుంట లాంటి వాటి అడుగు మట్టి ఇన్నేండ్లూ మోరీ మోసుకొచ్చినదంతా తాగింది. 2020 అక్టోబర్ వరదల్లో గగన్‌పహాడ్ అప్ప చెరువు కట్ట తెగి నీళ్లు జాతీయ రహదారి మీద పారినప్పుడు మనుషుల ప్రాణాలు పోయాయి. చెరువు తెగితే నీటితోపాటు అడుగు మట్టి కూడా కదులుతుంది. పారిశ్రామికవాడ చుట్టుపక్కల ఏ చెరువు పూడిక తీసినా పరీక్ష లేకుండా ఒక్క ట్రాక్టర్ కూడా కదలకూడదు.

అయిదోది మన విద్యార్థులకు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నది, నేల శాస్త్రం చదివేవాళ్లున్నారు. హిమాయత్‌సాగర్ గట్టు దగ్గరే నీరు, నేల యాజమాన్యం నేర్పే వాలంతరి ఉన్నది. ఉప్పల్‌లో ఎన్జీఆర్ఐ, తార్నాకలో ఐఐసీటీ, ఉస్మానియా, జేఎన్‌టీయూ.. ఇన్ని సంస్థలు ఒకే ఊరిలో ఉన్న ప్రాంతాలు దేశంలో ఎన్ని? స్వచ్ఛమైన నీళ్లలో సీసపు ఉప్పు కలిపి తొంభై శాతం పోయిందని రాసే థీసిస్‌తో పట్టా వస్తుంది, నీళ్లు రావు. కాటేదాన్ బోరు నీళ్లు తెచ్చి, తాండూరు మట్టితో, వికారాబాద్ లాటరైట్‌తో పరీక్షించండి. మట్టి ఎన్నాళ్లకు నిండింది, నిండిన మట్టి మీద వాన నీరు పోస్తే ఎంత లోహం వదిలింది.. ఈ రెండు సంఖ్యలు రాయండి. ఈ రెండూ లేని పరిశోధన జనానికి అక్కర రాదు.

ఉద్యోగ మిత్రులకు కూడా ఒక మాట. నమూనా సీసా పట్టుకొని మోరీ దగ్గరికి పోయేది మీరే. రిపోర్టులో అంకె రాసేది మీరే. ఆ అంకెను మార్చమని ఫోన్ వస్తే అందుకోవాల్సిందీ మీరే. జీతాల కోసం, పోస్టింగుల కోసం సంఘంగా నిలబడ్డట్టే, నిజమైన అంకె రాసి బదిలీ అయిన తోటి ఉద్యోగి కోసం కూడా సంఘం నిలబడాలి. నీళ్ల కోసం సకల జనుల సమ్మెలో దిగిన ఉద్యోగులకు నీళ్ల నాణ్యత వేరే సంగతి కాదు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అంతకుముందు పరాయి పాలన మన నీళ్లు పాడుచేసిందని అన్నాం. ఆ మాట ఇప్పుడు చెల్లదు. ఇవాళ కాటేదాన్ మోరీ మన సర్కారు మోరీ. మండలి మనది, చట్టం మన చేతిలో ఉన్నది, మట్టి మన కాళ్ల కింద ఉన్నది, తీర్పు మన శంషాబాద్ పేరు మీదనే ఉన్నది. లేనిదల్లా బోరు బోరుకూ రాసిన లెక్క. ఈ వానకాలానికి ముందే ఆ లెక్క గోడ మీదికి రావాలి. రాకపోతే వార్డు ఆఫీసుకు పోయి, మా బోరులో సీసమెంత అని అడుగుదాం.